ముఖాల మీద సున్నం

"...సమాధుల మధ్య కుర్చీలేంటమ్మా, ఎవరన్నా వింటే నవ్వుతారు! చర్చి వరండాలో ఫ్యానుంది, అక్కడ కూర్చోబెడదాం."

"వాళ్ళొచ్చేది ఫ్యాను గాలికి కాదన్నయ్యా. నా పని చూడ్డానికి."

"నీ పని ఎక్కడికి పోద్ది? ముందు కూల్‌డ్రింకు తాగి, ఆనక చూస్తారు."

"నువ్వు ఏర్పాట్లేమీ చెయ్యకు. నీకు దండం పెడతాను."

ఫోన్ ఎత్తగానే ఉషశ్రీకి వినబడింది ఈ తగువే. విక్టోరియా నంబరు నొక్కి, అవతల మోగుతుండగానే అన్నతో వాదిస్తూ ఉండిపోయినట్టుంది. ఉషశ్రీ రెండుసార్లు హలో అన్నాక, "అయ్యో, టీచర్‌గారూ, విన్నారా?" అని నవ్వేసింది.

ఉషశ్రీ ఏలూరులో డ్రాయింగ్ టీచరు. సెలవు రోజుల్లో ఆమె చేసే పని ఒకటుంది. పట్నం గ్యాలరీల్లో ఏ బొమ్మలు ప్రదర్శనకు పెట్టాలో ఎంచే క్యూరేటర్లను పిలిపించి, ఈ చుట్టుపక్కల బొమ్మలు వేసేవాళ్ళ దగ్గరకు, వాళ్ళు పనిచేసే చోటికే, తీసుకెళ్తుంది. ఉపన్యాసాలుండవు. టీ తాగుతూ మాట్లాడుకోవడమే. ఈసారి వస్తున్న క్యూరేటర్ మెహర్, ఏలూరులోనే పుట్టి హైదరాబాదులో స్థిరపడిన అమ్మాయి.

విక్టోరియాది కైకలూరు దాటాక చేపల చెరువుల మధ్య ఉన్న పల్లె. తండ్రి మేత దుకాణాలకూ ఐసు ఫ్యాక్టరీలకూ బోర్డులు రాసేవాడు. ఆయన పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకుంది. ఫ్లెక్సీలు వచ్చి బోర్డుల పని పోయింది. అప్పటినుంచి రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్తోంది. నవంబరులో సమాధుల పండగ ముందు మాత్రం షెడ్డు మానేసి, చర్చి వెనక మిట్ట మీదున్న సమాధుల తోటలో వానకు వెలిసిన పేర్లన్నీ మళ్ళీ రాస్తుంది.

ముఖాలు వెయ్యడం తరవాత మొదలైంది. ఒక ఏడాది కొల్లేరు పొంగి నీళ్ళు ఇళ్ళలో చేరి, గోడల మీద ఫోటోలు, పెట్టెల్లో ఫోటోలు నాని ముద్దయిపోయాయి. మిట్ట మాత్రం మునగలేదు. పోయినవాళ్ళ ముఖాలు సమాధుల మీద వేసి పెట్టమని ఒకరి తరవాత ఒకరు వచ్చారు.

ఆదివారం ఉదయం, ఏలూరు స్టేషను దగ్గర విక్టోరియా ఉషశ్రీ కారెక్కింది. ఆ ఫోన్ చేసిన మర్నాడే ఊరు వదిలి వెళ్ళి, కూతురు నిస్సీకి పురుడు పోసి, తాడేపల్లిగూడెం నుంచి ఇప్పుడే రైల్లో వచ్చింది. వెనకసీట్లో మెహర్ పక్కన ఒదిగి కూర్చుంది. కాసేపటికి ఆ ఒదుగుడు పోయింది.

"ఫోటో లేకుండా ముఖం ఎలా వేస్తారండీ?" అంది మెహర్.

"ఇంటిల్లిపాదీ రాయి చుట్టూ కూర్చుంటారండి. వాళ్ళు చెప్తుంటే నేను బొగ్గుతో గీసి చెరుపుతుంటాను. వాళ్ళలో వాళ్ళకే పడదు. ఒకావిడైతే, మా అత్త కళ్ళు ఇంకాస్త ఎర్రగా వెయ్యండి, అప్పుడు ఆవిడే, అంది. ఆడబిడ్డలు కొట్టడానికొచ్చారు."

ఉషశ్రీ నవ్వుతూ కారు నెమ్మది చేసింది.

"ఇంకో ముసలమ్మ, మా ఆయన్ని నవ్వుతున్నట్టు వెయ్యమంది. ఆయన నవ్వగా నేనెప్పుడూ చూళ్ళేదు పిన్నీ అన్నాను. నేనూ చూళ్ళేదే, ఇప్పుడైనా నవ్వనీ, అంది."

"వాటికి ఫోటోలు తీసుకోలేదా ఎవరూ?"

"సమాధి బొమ్మ ఫోన్లో పెట్టుకోకూడదండి, ఇంటికి మంచిది కాదంటారు. టీచర్‌గారు పోయినసారి వచ్చి కూడా తియ్యలేదు." విక్టోరియా కిటికీలోంచి చెరువుల వైపు చూసింది. "కానీ ఈసారి నేను ఇంటింటికీ తిరిగి అడిగానండి. మీరు తీసుకోవచ్చు. అందరూ ఒప్పుకున్నారు. రంగు ఎన్నాళ్ళుంటుంది? నా తరవాత ఎవరు దిద్దుతారు? ఆ ముఖాలెలా ఉండేవో చెప్పినవాళ్ళు కూడా చాలామంది పోయారు."

మెహర్ తన మనసులో ఉన్నది చెప్పింది. ముఖాల ఫోటోల పక్కన, ఆ ఇళ్ళవాళ్ళు రాయి చుట్టూ చేరి ఏం చెప్పారో వాళ్ళ గొంతులతోనే వినిపించే ప్రదర్శన. విక్టోరియా చెంగుతో ముఖం తుడుచుకుని, జుట్టు సరిచేసుకుంది.

చర్చి ముందు బాలస్వామి ఎదురొచ్చాడు. విక్టోరియా కన్నా ఇరవై ఏళ్ళు పెద్ద, సంఘపెద్ద. ఇస్త్రీ చొక్కా, చేతిలో బంతిపూల దండలు.

"వందనాలండీ, వందనాలు. రండి. మా చెల్లి వద్దంటూనే ఉంది గానీ, మీలాంటోళ్ళు వస్తుంటే అలా వదిలేస్తామా అండీ?"

గాలిలో తడి సున్నం వాసన.

విక్టోరియా దండ కోసం ఆగలేదు. చర్చి పక్కనుంచి నడిచి, తోట గేటు దగ్గర నిలబడిపోయింది. వెనక వచ్చిన ఉషశ్రీ ఆమె భుజం మీదుగా చూసింది. మిట్టంతా తెలుపు. ఏ రాయి మీదా పేరు లేదు, ముఖం లేదు. ఎండకు కళ్ళు మూతలు పడేంత తెలుపు.

"ఎలా ఉందండీ?" బాలస్వామి వెనకనుంచి అన్నాడు. "పండక్కి కూడా ఇంత బాగా వేయించలేదు. చేతికి అంటదు, జిగురు కలిపించాను."

కెమెరా తియ్యబోయిన మెహర్ చెయ్యి సంచిలోనే ఉండిపోయింది.

విక్టోరియా దగ్గర్లో ఉన్న రాయి ముందు కూలబడి, సున్నం వేసినవాళ్ళు వదిలేసిన నీళ్ళకుండలో చెంగు ముంచి రుద్దసాగింది. సున్నం కాస్త కరిగింది. కింద ఉత్త సిమెంటు.

"రంగేదన్నయ్యా?"

"పాతదంతా గీకించాను. ఇనప బ్రష్షుతో. గీకకపోతే సున్నం పట్టదు కదా." ఆమె వాలకం చూసి అతని గొంతు తగ్గింది. "ఏటా నువ్వు మళ్ళీ వేస్తూనే ఉంటావు కదమ్మా?"

"పేర్లు అన్నయ్యా. ఏటా వేసేది పేర్లు. ముఖాలు దిద్దుతానంతే. మొదటిసారి వేసిందే ఉంటుంది. పండగ సున్నం కూడా వాటి చుట్టూరానే వేయిస్తాను కదా."

అతను చేతిలో దండలు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చుట్టూ చూసి, చివరికి గేటుకు తగిలించాడు. తరవాత తోటలో రెండో వరుసలోకి గబగబా నడిచి, ఒక రాయి ముందు ఆగాడు. అది అతని భార్య సూరమ్మది. పెళ్ళయిన రెండేళ్ళకే పోయింది. అప్పటికి విక్టోరియా అయిదేళ్ళ పిల్ల. కొల్లేరు పొంగిన తరవాత, సూరమ్మ తల్లి చెప్పగా విక్టోరియా ఆ ముఖం వేసింది. ఆ తల్లీ ఇప్పుడు పక్కరాయి కిందే ఉంది.

"దీన్ని కూడానా?" అన్నాడు బాలస్వామి, గీకించింది తను కానట్టు.

విక్టోరియా లేచి వెళ్ళింది. సంచిలోంచి బొగ్గుముక్క తీసి తెల్లరాయి మీద ముఖం గీత గీసింది. కళ్ళు పెట్టింది. ముక్కు పెట్టి, చెరిపి, మళ్ళీ పెట్టింది. ఆమె చెయ్యి ఆగింది.

"మచ్చ ఉండేదమ్మా," అన్నాడు అతను ఆత్రంగా. "బుగ్గ మీద పుట్టుమచ్చ."

"ఏ పక్క?"

బాలస్వామి తన కుడిబుగ్గ మీద వేలు పెట్టుకున్నాడు. తీసి ఎడమ వైపు పెట్టుకున్నాడు. ఆ వేలు అక్కడా నిలవలేదు. రాయి వైపు చూశాడు, చెల్లెలి వైపు చూశాడు. సమాధి గట్టు మీద కూర్చున్నాడు. తడి సున్నం అతని ఇస్త్రీ పంచెకు అంటుకుంది.

"మళ్ళీ మొదలుపెడదామండీ," మెహర్ మెల్లగా అంది. "ఊళ్ళో ఎవరికి ఎంత గుర్తుంటే అంత చెప్పించి వేద్దురు గాని. నేను ఎన్నిసార్లయినా వస్తాను. ప్రదర్శన ఒక ఏడాది ఆగినా ఫరవాలేదు."

విక్టోరియా బొగ్గు గీతల్ని అరచేత్తో తుడిచేసింది. తెల్లరాయి మీద బూడిదరంగు మరక మిగిలింది. చెయ్యి చెంగుకు తుడుచుకుని మెహర్ వైపు తిరిగింది.

"పండక్కి పేర్లు రాస్తానండి," అంది. "ముఖాలు ఇంక వెయ్యను."