కదలని దర్జీ

ఆసుపత్రిలో ఆ గదిలోకి వెళ్లేముందు దర్జీ తన కాలర్లో గుచ్చుకున్న గుండుసూదులన్నీ ఏరి గిన్నెలో వేస్తాడు. లోపలున్న స్కానింగ్ మిషన్ పెద్ద అయస్కాంతం, సూదిని కూడా వదలదు. స్కానింగ్‌లో కొత్త పద్ధతి ఏది కనిపెట్టినా అక్కడి పరిశోధకురాలు ముందుగా రోగమూ రొష్టూ లేని ఇతన్నే పిలుస్తుంది. సొరంగంలాంటి ఆ గొట్టంలో పడుకున్నాడంటే ఇక రాయే. ముక్కు దురద పెట్టినా గోకడు, మోత ఆగేదాకా గుటకైనా వేయడు. "కుదురంటే నాదీ!" అని కొట్లో అందరి దగ్గరా మీసం మెలేస్తాడు. ఆ రోజు మాత్రం ఆమె మైకులో, "బాబాయ్‌గారూ, ఈసారి తల కాస్త ఊపుతూ ఉండండి," అంది. దర్జీకి ఒళ్లు మండింది. "ఊపడమేంటమ్మా? నేనా?" "కదిలినా బొమ్మ చెదరకుండా వచ్చే పద్ధతండీ ఇది. మీరు కదలకపోతే తెలిసేదెలా?"

పళ్లు కొరుకుతూనే ఊపాడు. ఎలా ఊపాలో ఎవరూ నేర్పక్కర్లేదు, ఇంట్లో భార్య తల రోజూ వణికేది అలాగే. బయటికొచ్చి చూస్తే తెరమీద బొమ్మ అద్దంలా ఉంది. పరిశోధకురాలు చప్పట్లు కొట్టింది. దర్జీ ముఖం జేవురించింది. "నిరుడు మా ఆవిడ్ని ఈ బల్లమీదే పడుకోబెట్టి, కుదురు లేదని కసిరి పంపేశారే! మీ మాట నమ్మి నేనూ ఆవిడ్నే తిట్టాను. అది మిషన్ చేతగానితనమని ఒక్కరైనా చెప్పారా?" చప్పట్లు ఆగిపోయాయి. అతను సూదులు ఒక్కొక్కటే కాలర్లో గుచ్చుకున్నాడు. "రేపు తీసుకొస్తాను. ఆవిడ తల ఎంతైనా కదలనీ, మీ నోళ్లు మాత్రం కదలకూడదు!"