పాలలోనూ గుండెలోనూ

ల్యాబులో ఆవిడను అందరూ మడతల మేడం అంటారు. ప్రోటీన్లు ముడుచుకునే ఆకారాల్లో ఒకటైన ఇమ్యునోగ్లోబులిన్ మడత వేటివేటిలో ఉందో వెతకడమే ఆవిడ ఉద్యోగం. తమ్ముడు గుండెజబ్బుతో పోయి వారం తిరక్కుండానే పనిలోకి వెళ్లింది. ఏడుపు రాలేదు. తాగుతున్న టీ చల్లారిందో లేదో కూడా తెలిసేది కాదు.

తర్వాత తమ్ముడి జన్యుపరీక్ష ఫలితం వచ్చింది. బఠాణీలు ఒలుస్తున్న అమ్మకు చెప్పింది.

"వాడి గుండె కండరంలో టైటిన్ అనే ప్రోటీన్ సగంలోనే తెగిపోయిందమ్మా. అది గొలుసులాంటిది. నేను చూసే మడతలే అందులో పూసల్లా ఉంటాయి."

"అవి రోగాల్ని ఆపుతాయన్నావుగా?"

"ఆ పని చేసేవి యాంటీబాడీలు. వాటిలోనూ ఇదే మడత. రక్తంలో, తల్లిపాలలో ఉంటాయి."

అమ్మ చేయి ఆగింది. "వాడికి మూడో నెలకే పాలు మాన్పించాను. అందుకేనంటావా?"

"కాదమ్మా. ఆకారం ఒకటే, పని వేరు. పాలలోది గుండెకు చేరదు."

అమ్మ తలూపింది గానీ, నమ్మినట్టు లేదు.

ఆ జన్యులోపం తోబుట్టువులకూ ఉండొచ్చని డాక్టరు చెబితే ఆవిడ కూడా పరీక్షకు రక్తమిచ్చింది. ఆ లోపం ఆవిడకు లేదని తేలింది. అయినా సంతోషం కలగలేదు. ఆ మాట విన్న అమ్మ మాత్రం కూతురి భుజం మీద తల ఆనించి, కొడుకు పోయాక మొదటిసారి ఏడ్చింది.