గొర్రెలు ఎక్కువొచ్చినాయన్న మా శ్రావణి

నిన్న పొద్దున షాపు షట్టర్ తీస్తుంటే బావ ఫోన్.
"పాప పోయింది సీనా" అన్నాడు. అంతే.

ఐదు నెలలుగా ఆ ఫోన్‌కే భయపడుతున్నాను. అయినా వినగానే షట్టర్ సగంలోనే వదిలేశాను.

శ్రావణి మా అక్క కూతురు. ఎనిమిదేళ్ళు. బ్రెయిన్ ట్యూమర్.

గిద్దలూరు దగ్గర పల్లెలో బావకి గొర్రెల మంద ఉంది. సాయంత్రం దొడ్లోకి తోలేటప్పుడు లెక్కపెట్టడం శ్రావణి డ్యూటీ. పోయినేడు ఒకరోజు, "నాయనా, ఇయ్యాల గొర్రెలు ఎక్కువొచ్చినాయి" అంది.

ఒక్కోటి రెండుగా కనబడుతోందని మాకేం తెలుసు?
అందరం నవ్వాం. ఎవరి మందలోంచి కొట్టుకొచ్చావే అని ఏడిపించింది నేనే.

పొద్దున్నే తలనొప్పి, వాంతులు అంటే పైత్యం అనుకున్నాం.

తర్వాత హైదరాబాద్. రాష్ట్రం విడిపోయింది కదా, మన ఉచిత వైద్యం కార్డు అక్కడ చెల్లుతుందో లేదో అని టెన్షన్. చెల్లింది. ఆపరేషన్ ముందురోజు డాక్టర్ ఇంకో ఫామ్ ఇచ్చారు. తీసిన గడ్డలో ఒక ముక్క రీసెర్చ్‌కి ఇస్తారా అని. పిల్లల్లో ఈ జబ్బుకి సరైన మందు ఇంకా లేదట. ఇచ్చినా మన పాపకి లాభం ఉండకపోవచ్చని కూడా చెప్పారు.

మా ఇంట్లో ఇంగ్లీష్ చదివేది మార్కాపురంలో జిరాక్స్ షాపు నడిపే నేనొక్కణ్ణే. చదివి చెప్పి, వద్దన్నాను. రీసెర్చ్ పేరుతో ఎక్కువ కోస్తారేమోనని భయం.

బావ మాత్రం, "చచ్చిన గొర్రెను కోసి చూస్తాం కదా సీనా, ఏం రోగమోనని. తెలిస్తేనే కదా మిగతాయి నిలిచేది" అన్నాడు.
ఆ మాట అన్నాక చాలాసేపు పాప వైపు చూడలేకపోయాడు.

వేలిముద్ర బావది. సాక్షి సంతకం నాది.

నిన్న మట్టి ఇచ్చి వచ్చాక ఎవరో అన్నారు, ముక్క ఇచ్చినందుకే పాప పోయిందని.
అక్క నా వైపు తిరిగింది. "ఎక్కువ కోసినారేమో రా తమ్ముడా. నువ్వు సరిగ్గానే చదివినావా?"

ఆ ఫామ్ జిరాక్స్ నా దగ్గరుంది. ఇవాళ ఎన్నిసార్లు చదివానో. సరిగ్గానే ఉంది. మళ్ళీ అనుమానం, మళ్ళీ చదవడం.

ఆగలేక డాక్టర్‌కి ఫోన్ చేశాను. ఆపరేషన్‌లో ఎలాగూ తీయాల్సిన గడ్డే తప్ప అదనంగా ఏమీ తీయలేదన్నారు. ఆ ముక్కలోని కణాలు ల్యాబ్‌లో ఇంకా బతికే ఉన్నాయట. వాటిమీద మందులు వేసి చూస్తున్నారట.

పాప లేదు. అది బతికుంది.
అక్కకి ఈ మాట ఎలా చెప్పాలి?

దాచలేక ఇద్దరి ముందూ చెప్పేశాను. బావ తల దించుకున్నాడు.

అక్క అంది.
"వదలొద్దని చెప్పు రా. దాన్ని చంపే మందు దొరికేదాకా వదలొద్దని చెప్పు."

ఫ్రెండ్స్, పిల్లలు ఒకటి రెండుగా కనబడుతోందంటే నవ్వకండి. రీసెర్చ్‌కి అడిగితే నాలాగే భయపడండి, కానీ పూర్తిగా వినండి.

శ్రావణీ, ఇంక తలనొప్పి లేదు. హాయిగా పడుకో తల్లీ.
నవ్వినందుకు ఈ మామని క్షమించు.