బావ పెట్టెలో ఉండిపోయిన సిమ్ము

మొన్న శుక్రవారం ఇక్కడ ఒమన్‌లో, దార్సైట్ గుడిలో ప్రసాదం తీసుకుని గోడవారన నీడలో నిలబడి ఉంటే, ప్రతి వారం అక్కడ కనిపించే కడప చెల్లెలు నా దగ్గరికి వచ్చింది. ఆమె ఇక్కడ ఒకరింట్లో వంటపని చేస్తూ కూతుర్ని ఊళ్ళో డిగ్రీ చదివిస్తున్నది. పిల్ల రెండో ఏడులోకి వచ్చిందట, కాలేజీ ఫీజుకు సర్కారు ఇచ్చే సాయానికి దరఖాస్తు ఎప్పుడు పెట్టాలి, ఏమేం కాగితాలు కావాలి అని అడిగింది. నేను వెంటనే జవాబు చెప్పలేదు. నా తటపటాయింపును ఆమె మొహమాటం అనుకున్నట్టుంది.

"మీరు సదువుకున్నోల్లు గదన్నా, మీరు చెప్తే సాలు. ఇంగొకర్ని అడిగే పనే ల్యా" అన్నది.

ఆ చివరి మాట విన్నాక నా అరచేతిలో ప్రసాదం అట్లాగే ఉండిపోయింది. ఏడేళ్ళుగా ఇక్కడి వాదీ కబీర్‌లో ఒక వర్క్‌షాపు స్టోరు చూసుకుంటూ నెమ్మదిగా బతుకుతున్న నన్ను, ఆ ఒక్క మాట సమాయిల్ కొండల మధ్య ఒక కట్టుబడి సైటు మీదికి తీసుకుపోయి నిలబెట్టింది.

నేను బడిలో చదివింది ఏడో తరగతి దాకానే. మిగతా చదువంతా మా మండలంలోని శాఖా గ్రంథాలయంలో జరిగింది. పశువుల ఆస్పత్రి వెనక రెండు గదులు, ఆకుపచ్చ రంగు వేసిన ఇనుప బీరువాలు, తలుపు తీస్తే పాత కాగితం వాసన. ఏది చదవాలో చెప్పేవాళ్ళు లేక, పై అరతో మొదలుపెట్టి వరుసగా చదువుకుంటూ పోయాను. కథలు, ఆవుల జబ్బులు, భూమి చట్టాలు, గ్రహాల గతులు, అన్నీ ఒకే శ్రద్ధతో చదివాను. విజ్ఞాన సర్వస్వంలో రెండో సంపుటం ఎవరో తీసుకుపోయి తిరిగి ఇవ్వలేదు కాబట్టి అందులో ఉండాల్సిన సంగతులు నాకు ఈనాటికీ తెలియవు. మన తరంలో చదువు ఇట్లా దొరికినంతే దొరికేది, ఆ దొరికినదాన్నే లోకమంతా అనుకునేవాళ్ళం.

ఒమన్ వచ్చాక సమాయిల్ క్యాంపులో ఆ చదువు నాకొక పీట వేసింది. ఫారాలు నింపడం, కంపెనీ కాగితాలు చదివి పెట్టడం, ఊరికి ఉత్తరం రాయడం, దేనికైనా నా మంచం దగ్గరికే వచ్చేవాళ్ళు. "లైబ్రరీ సార్" అని పిలిచేవాళ్ళు, కొంత ఎగతాళిగా, కొంత నిజంగానే. అదే గదిలో, నా పై మంచం మీద, మా అక్క భర్త ఉండేవాడు. బావ మేస్త్రీ. తాపీ పట్టడమే తప్ప సంతకం మించి రాయలేడు, కానీ నన్ను ఆటపట్టించే అవకాశం ఒక్కటి కూడా వదిలేవాడు కాదు. ఆదివారం ఎప్పుడొస్తుందో కూడా నన్నే అడగాలి, ఏదో పుస్తకంలో ఉంటుంది అని గదిలో అందరికీ చెప్పేవాడు. అయినా నా మాట మీద అతనికి ఉన్న నమ్మకం నా మీద నాకున్న నమ్మకానికి తక్కువేం కాదు.

మేనకోడలికి కరీంనగర్‌లో ఫార్మసీ సీటు వచ్చిన ఏడు బావ సెలవు మీద ఊళ్ళోనే ఉన్నాడు. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, మార్కుల మెమో, ఇవన్నీ వరుసగా నేను ఇక్కడినుంచి ఫోనులో చెప్పాను, వాళ్ళు అక్కడ ఒక్కొక్కటి పోగుచేశారు. ప్రవేశం దొరికిన వెంటనే దరఖాస్తు పెట్టించాను. ఫీజు మంజూరైంది. బావ తిరిగి వచ్చి క్యాంపులో అందరి ముందూ ఆ సంగతి చెప్పినప్పుడు, నిజం చెప్పాలంటే, నా కళ్ళకు నేనే కొంచెం ఎత్తు పెరిగాను.

మరుసటి ఏడు ఆ పిల్ల ఫోను చేసి, దరఖాస్తు మళ్ళీ పెట్టాలా మామా అని అడిగింది. తోటి పిల్లలు నెట్ సెంటర్ దగ్గర వరుసలు కడుతున్నారట. అక్కర్లేదన్నాను. ఒకసారి మంజూరైన సాయం కోర్సు ముగిసేదాకా దానంతట అదే నడుస్తుందని మా గ్రంథాలయంలో ఒక మార్గదర్శినిలో చదివిన వాక్యం, ఏ పేజీలో ఏ వైపున ఉన్నదో కూడా నాకు గుర్తుంది. ఆ పుస్తకానికి అట్ట లేదు, ఎప్పుడు అచ్చయిందో నాకు తెలియదు, తెలుసుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు. పిల్ల ఇంకోసారి మెల్లగా అడగబోతే బావే నా చేతిలోంచి ఫోను అందుకుని, మామ చెప్పిండు గదా అని ఆపేశాడు.

కొన్ని వారాలకు ఒక శుక్రవారం, సెలవు నుంచి వచ్చిన రూమ్మేటు సకినాల పొట్లం విప్పాడు. అచ్చయిన కాగితం కనబడితే చదవకుండా ఉండలేని జబ్బు నాది. సకినాలు పళ్ళెంలోకి వంపుకుని, నూనె మరకల పేపరు చేతిలోకి తీసుకున్నాను, మొన్నటి తేదీదే. జిల్లా పేజీలో అడుగున చిన్న వార్త. పాత విద్యార్థులు కూడా ఏటేటా రెన్యువల్ దరఖాస్తు పెట్టుకోవాలని, లేకపోతే ఆ ఏటి ఫీజు రాదని, వచ్చే సోమవారంతో గడువు ముగుస్తుందని ఉంది. ఆ నాలుగు వాక్యాలు నేను ఎన్నిసార్లు చదివానో తెలియదు. సర్కారు ఇవ్వకపోతే ఫీజంతా మేమే కట్టాలి, కట్టకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు, కట్టే దారి బావకు లేదు. పై మంచం మీద అతను నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

లేపి చెప్పాను. అప్పట్లో ఇక్కడినుంచి ఇంటర్నెట్ కాల్స్ పోయేవి కావు. కార్డు గీకి, అంకెలు నొక్కి, ఊరికి కలిపాం. నేను తప్పు చెప్పానని, మళ్ళీ పెట్టాల్సిందేనని పిల్లతో అన్నాను.

"నాకెరికే మామా. కాలేజీల నోటీసు పెట్టిన్రు. నువ్వు అద్దన్నవ్ గదా, మల్ల అడుగుతే నీకు కోపమస్తదని ఊకున్న."

ఆమె కాగితాలన్నీ తయారుగానే పెట్టుకున్నది, కుక్కర్ వచ్చిన అట్టపెట్టెలో. కాలేజీ ఆఫీసులో అడిగి, నెట్ సెంటర్‌లో కూడా కనుక్కుని, నోరు మూసుకుని కూర్చున్నది. నా చదువు ఆ పిల్ల నోరు నొక్కిందని తెలిసిన ఆ క్షణం, గడువు దాటుతుందన్న భయం కంటే ఎక్కువగా నన్ను కోసింది. బావ తిట్టలేదు. చెప్పులు వేసుకుంటూ, "గన్ని పుస్తకాలు సదివినవ్, కాలేజీకి ఒక్క ఫోన్ జేసి అడుగరాకపాయె" అని మాత్రం అన్నాడు.

అసలు చిక్కు తర్వాత తెలిసింది. దరఖాస్తు తెరుచుకోవాలంటే ఆధార్‌కు కలిపిన ఫోనుకు ఒక సంఖ్య వస్తుంది, దాన్ని పది నిమిషాల్లో కొట్టాలి. కిందటేడు బావ ఊళ్ళో ఉన్నాడు కాబట్టి ఇంటిపెద్ద నంబరని అతని నంబరే ఇచ్చాం. ఆ సిమ్ము ఇప్పుడు సమాయిల్‌లో, బావ ఇనుప పెట్టె అడుగున, చిన్న ప్లాస్టిక్ సంచిలో ఉంది. నెలల తరబడి రీచార్జి లేదు. దేశం విడిచి వచ్చేవాడి ఫోనుకు ఇంటి కాగితాలన్నీ ముడిపెట్టాలన్న తెలివి మన గల్ఫ్ వాళ్ళకు తప్ప ఇంకెవరికి వస్తుంది?

శనివారం అక్క, సిమ్ము విదేశంలో కూడా పనిచేసే రీచార్జిని ఊళ్ళో చేయించింది. సిమ్మును ఒక పాత ఫోనులో వేసి రోజంతా చూశాం, సిగ్నల్ గీత ఒక్కటి కూడా వెలగలేదు. ఆ సిమ్ము చచ్చిపోయిందని నేను లోపల ఖాయం చేసుకున్నాక, ఆదివారం సాయంత్రం గీత వెలిగింది. అప్పటికే అక్కడ నెట్ సెంటర్ మూసేశారు. ఇక మిగిలింది సోమవారం ఒక్కటే.

ఆ సోమవారం మా సైటులో స్లాబు కాంక్రీటు. పంపు మొదలైతే మేస్త్రీ కదలడానికి వీల్లేదు. డ్యూటీలో ఫోన్లు పట్టుకోవద్దని నియమం. నేను రాజస్థాన్ ఫోర్మన్ దగ్గరకు పోయి దాచకుండా ఉన్నదంతా చెప్పాను. అతను తన కూతురు ఎన్నో తరగతో చెప్పి, మెట్లగది పైకి పొమ్మని చేయి ఊపాడు. కొండలు అడ్డం కాబట్టి సైటులో సిగ్నల్ దొరికేది అక్కడే. ఒక చేతిలో బావ పాత ఫోను, ఇంకో చేతిలో నా ఫోనులో మేనకోడలు. కింద పంపు మోతలో బావ మోకాళ్ళ మీద కూర్చుని పచ్చి కాంక్రీటును సాపు చేస్తూ, ప్రతి గజానికీ ఒకసారి తల ఎత్తి నావైపు చూస్తున్నాడు.

మొదటి సంఖ్య పావుగంట ఆలస్యంగా వచ్చింది, చెల్లలేదు. రెండోది అసలు రాలేదు. మూడోసారి కూడా తప్పితే రేపటిదాకా తెరుచుకోదని నెట్ సెంటర్ అతను అంటున్న మాట ఫోనులో నాకు వినపడుతూనే ఉంది. రేపు అన్నది లేదు. ఆ ఎండలో ఖర్జూరపు తోటల వైపు చూస్తూ, నాకు తెలిసిన ఏ పుస్తకంలోనూ ఇట్లాంటి పది నిమిషాల గురించి రాసి లేదని అనుకున్నాను. ఫోను అదిరింది. ఆరు అంకెలు. పంపు మోతకు వినపడక ఒక్కో అంకె రెండేసిసార్లు అరిచి చెప్పాను, ఆ పిల్ల అక్కడినుంచి ఒక్కొక్కటి తిరిగి చెప్పింది.

"అయింది మామా."

చేయి ఎత్తాను. బావ లేవలేదు, పని ఆపలేదు. తాపీ అట్లాగే పట్టుకుని మోచేత్తో మొహం తుడుచుకున్నాడు. అది చెమటో కాదో నేను అడగలేదు, ఈనాటికీ అడగలేదు.

మూడో ఏడు ఆ పిల్ల నన్నేమీ అడగలేదు. నంబరు మార్పించుకుని, దరఖాస్తు తానే పెట్టి, రసీదు ఫొటో మాత్రం పంపింది. ఇప్పుడు హైదరాబాదులో మందుల కంపెనీలో పనిచేస్తున్నది. బావ పని చాలించుకుని ఊరికి పోయే రోజున ఆ చచ్చిన సిమ్మును నా చేతిలో పెట్టి, "దీన్ని గూడ నీ పుస్తకాలల్ల పెట్టుకో బామ్మర్ది, ఇది సదవకనే నువ్వు ఫెయిలైనవ్" అని నవ్వాడు.

అందుకే మొన్న కడప చెల్లెలికి నేను వెంటనే జవాబు చెప్పలేదు. మీ రాష్ట్రం నియమాలు నాకు తెలియవమ్మా, కొత్తవాళ్ళు సీటు రాగానే, పాతవాళ్ళు ఏటేటా పెట్టాలని మాత్రం తెలుసు, తక్కినది కాలేజీ ఆఫీసులో చెప్పిన మాటే మాట అని, అక్కడే నిలబెట్టి కూతురికి ఫోను చేయించాను. నేనేం చెప్పానన్నది పక్కన పెట్టి, నోటీసులో ఏముందో చూసి చెప్పమన్నాను. కిందటేడు ఎవరి ఫోను నంబరు ఇచ్చారో కూడా అడిగించాను. కూతురి మాట వింటూనే ఆమె పర్సు తెరిచింది, లోపలి అరలోంచి కాగితంలో మడిచిన ఊరి సిమ్ము ఒకటి తీసి నావైపు చూసింది. గడువు ఇంకా చాలా ఉంది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇప్పుడు క్యాంపుల్లో ఫారం నింపమని ఎవరూ ఎవరి మంచం దగ్గరికీ రారు. ఎవరి ఫోనులో వాళ్ళు వెతుక్కుంటారు, చాలాసార్లు నాకంటే సరిగ్గానే తెలుసుకుంటారు. మంచిదే. అయినా ఒక మనిషి ఇంకో మనిషి దగ్గరకు వచ్చి, ఆగి, అడిగే ఆ కాసేపు నాకు గుర్తొస్తూనే ఉంటుంది. ఆ కాసేపట్లో నేను ఎంత మాట్లాడేవాణ్ణో, ఎంత తక్కువ వినేవాణ్ణో కూడా.