నా తిట్ల మహిమ

పోయిన ఆదివారం మా ఊరు గుడియాత్తంలో జుట్టు కత్తిరించుకోవడానికి కూర్చున్నాను. సెలూన్ గోడ మీద టీవీలో కబడ్డీ మ్యాచ్. కూతకు వచ్చిన ఒక ఆటగాణ్ణి చూపిస్తూ, జనం ఎగతాళి చేయబట్టే ఈ కుర్రాడిలో కసి పుట్టిందనీ, ఆ కసే ఇంతవాణ్ణి చేసిందనీ వ్యాఖ్యాత ఊగిపోతున్నాడు. సెలూన్ అతను కత్తెర ఆపి, "మీ మేనల్లుణ్ణి గూడా మీరే తిట్టి తిట్టి పైకి తెచ్చినారంట గదణ్ణా" అన్నాడు. అదే మాట రెండేళ్ళ ముందు అడిగి ఉంటే, చెవి తెగినా సరేనని అరగంట ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు మాత్రం "పక్కన కొంచెం తగ్గించప్పా" అని ఊరుకున్నాను.

మా అక్క కొడుక్కి కబడ్డీయే బతుకుదెరువు. వేలూరులో కాలేజీ రోజుల్లో నేనూ ఆడినవాణ్ణే. ఆడినదానికంటే బెంచీ మీద కూర్చున్నదే ఎక్కువ. అలాంటివాళ్ళకే నోరు పెద్దది. వాడు పెద్ద జట్టులో చేరిన మొదటి సీజన్‌లో కూతకు వెళ్ళిన ప్రతిసారీ దొరికిపోయాడు. చివరికి జట్టువాళ్ళు పక్కన కూర్చోబెట్టేశారు. సెలవుకు ఇంటికి వస్తే, అన్నం తింటున్నవాణ్ణి పట్టుకుని దులిపేశాను. "రోషముండాదా నీకు? ఊరంతా నవ్వతా ఉండాది. మా ఆఫీసు అటెండరు నీకంటే బాగా ఆడతాడు" అన్నాను. ఆ అటెండరుకు మోకాళ్ళ నొప్పులు. వాడు సగం అన్నంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు. మందు పనిచేస్తోంది అనుకుని నేను ఇంకో గరిటె సాంబారు వేయించుకుని, మర్నాడు పొద్దున్నే వేలూరు వెళ్ళిపోయాను. సోమవారానికి వాడు శిక్షణ శిబిరంలో చేరాలి, లేకపోతే జట్టులో చోటు పోతుంది. చేరాడు. మరుసటి సీజన్‌లో వాణ్ణి పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. ఊళ్ళో సన్మానం చేసి, మేనమామనని నాకూ ఒక శాలువా కప్పారు. తిట్ల మహిమ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాను. వాడు నవ్వుతూ కూర్చున్నాడు. మా అమ్మ ఆడవాళ్ళ వరుసలో కూర్చుని మిక్చరు నములుతోంది.

ఆ తర్వాత ఒకసారి ఇద్దరం కాట్పాడి నుంచి పాసింజరు రైల్లో వస్తున్నాం. లత్తేరిలో క్రాసింగుకు బండి ఆగింది. ఊరికే ఉండలేక, జట్టులో కొత్తవాళ్ళను నువ్వు కూడా బాగా తిట్టాలిరా అన్నాను. వాడు నవ్వి, "ఒకటి చెప్తా, కోపం చేసుకోవద్దు మామా. నువ్వు తిట్టిన మర్నాడు నేను ఆట ఇడిసిపెట్టేసినా. గార్మెంట్సులో పనికి పోదామని బెంగళూరికి టికెట్ గూడా తీసినా. అవ్వే ఆపింది" అన్నాడు.

మా అమ్మ యాభై ఏళ్ళు గుంటమగ్గం మీద లుంగీలు నేసింది. మగ్గం నుంచి కోసిన గుడ్డను వెలుతురుకు పట్టి వేలితో తడుముకుంటూ పోతుంది. తప్పున్న చోట వేలు ఆపి "ఈడ" అంటుంది. అంతే. నేసినవాళ్ళను ఒక్క మాట అనదు. ఆ రోజు సంచి సర్దుకున్న మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఫోన్‌లో వాడి మ్యాచ్ పెట్టించుకుందట. ఆట గురించి ఆమెకు ఓనమాలు తెలియవు. కానీ జన్మంతా గుంటలో కాళ్ళు మార్చి మార్చి తొక్కిన మనిషి కదా, వాడి కాళ్ళే చూసింది. మూడుసార్లు చూసి తెర మీద వేలు పెట్టింది. "ఈడ చూడు నాయనా. తిరుక్కునేటప్పుడు ఎడమ కాలు వెనకబడతా ఉండాది. మిగిలిందంతా బాగానే ఉండాది." మిగిలిందంతా బాగానే ఉందన్న మాటకు వాడు భోరున ఏడ్చేశాడట.

"అయితే నా తిట్లు ఎందుకూ పనికిరాలేదా?" అన్నాను.

"కోపంతో ఒక ఆట ఆడచ్చు మామా. సీజనంతా ఆడలేము."

"మరి సన్మానం రోజు చెప్పలేదేమిరా?"

"నువ్వు అంత సంతోషంగా మాట్లాడతా ఉంటే యాడ చెప్పేది?"

సిగ్గుతో నా ముఖం కాలిపోయింది. అంతకంటే ఎక్కువగా వాడి మీద ప్రేమ ముంచుకొచ్చింది.

ఇంటికి రాగానే అమ్మ ముందు కూర్చున్నాను. "నేను ఆడేటప్పుడు నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నేను యాడ చూసినా నాయనా? మగ్గం దిగేదానికి పొద్దుండిందా? ఏదీ, ఇప్పుడు ఆడు."

యాభై ఎనిమిదేళ్ళ వయసులో లుంగీ పైకి కట్టి, మేనల్లుణ్ణి ఎదురుగా నిలబెట్టి, కూత పెడుతూ నాలుగడుగులు వేశాను. ఐదో అడుగుకు ఆయాసం వచ్చేసింది. అమ్మ నన్ను పైనుంచి కిందికి చూసి, "కాళ్ళు బాగానే ఉండాయి. తలకాయ దించుకోని పోతా ఉండావు. ఎవురన్నా తిట్టినారా?" అంది.

తిట్టారు. మా కోచ్ ప్రతి మ్యాచ్‌కు ముందు నన్ను అందరి ఎదుటా దున్నపోతు అనేవాడు. ఆ మాట చెబితే అమ్మ నా వీపు నిమిరింది. దిద్దుకునే వయసు ఎప్పుడో దాటిపోయింది. అయినా నలభై ఏళ్ళు గడిచాక నా ఆటను అమ్మ ఒకసారి చూసినందుకు, పోయిన కాలం మీద నాకిప్పుడు ఏ ఫిర్యాదూ లేదు.