మందమర్రిలో మజ్జిగ లొట్టి

మా తమ్ముడు లింగాన్ని వెంటబెట్టుకుని నేను మందమర్రి ప్రయాణం కట్టడానికి కారణం ఒకటే. వాడి తాగుడు భరించలేక మరదలు రాజమణి పిల్లను చంకనేసుకుని సుల్తానాబాద్‌లోని తల్లిగారింటికి వెళ్లిపోయింది. "మానితే వస్త, లేకుంటే రాను" అంది. రాజమణి మాటంటే మాటే. మందమర్రి బొగ్గుబాయిల్లో తాగుడు మానుకున్న కార్మికులు కొందరు ఆదివారం సాయంత్రాలు ఒకచోట కూర్చుని ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటారని, నేను పాఠాలు చెప్పే బడిలో ఒక అమ్మాయి తండ్రి చెప్పాడు. ఎక్కడ కూర్చుంటారో ఆయనకూ తెలియదు. వెతికితే దొరక్కపోతారా అనుకున్నాను.

ఆదివారం పొద్దున ఏడింటికి కరీంనగర్‌లో బస్సెక్కి పెద్దపల్లిలో దిగాం. ఈ దారిన వెళ్లేవారు అక్కడే కడుపు నింపుకోవడం మంచిది. స్టేషన్ ఎదుట ఇడ్లీలు మెత్తగా ఉంటాయి, చట్నీ మాత్రం కళ్లనీళ్లు పెట్టిస్తుంది. లింగం ముట్టలేదు. చేతులు వణుకుతున్నాయి.

"అక్కా, జరంత తాగొస్త. చేతులు నిలవడ్తయి" అన్నాడు.

"నా పాణం పోయినంక తాగుదువు తియ్" అని అంగీ పట్టుకుని రైల్లో మూడో తరగతి పెట్టెలోకి లాగాను.

గోదావరి వంతెన మీద బండి నెమ్మదించింది. ఎదురుగా బట్టల మూటతో కూర్చున్న ఒకాయన ఎందాకా అని అడిగాడు. దాచడమెందుకని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన పగలబడి నవ్వాడు. "బాయిల కాడ తాగుడు మానినోళ్లా! మంచిగనే ఎతుకుతున్నవమ్మా!" అంతలోనే ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "దొరికితే జర నాకూ ఖబర్ చెయ్. మా తమ్ముడున్నడు. వచ్చే ఆదివారం గీ బండిలనే ఉంట."

మందమర్రిలో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. ఎండ నెత్తి మాడ్చేస్తోంది. స్టేషన్‌లో అడిగితే టికెట్ల ఆయన కల్లు దుకాణం వైపు చెయ్యి చూపాడు. ఆదివారం మగవాళ్లు కూర్చునే చోటు అదొక్కటేనట! చాయ్ హోటలాయన మరీ గడుసు. "మానినోళ్లంటే ఎరుక లేదు గని, మానుతమని ఒట్టు వెట్టినోళ్లయితే ఊరంత ఉన్నరు" అన్నాడు. లింగం గెలిచినట్టు నావైపు చూశాడు. నాకు ఒళ్లు మండింది. పొద్దు వాలేదాకా కాలనీలన్నీ తిరిగాం. చివరికి నల్లా దగ్గర బిందె ఎత్తుకుంటున్న ఒకావిడ ఆగింది. "క్వార్టర్ల ఎనుక పాత కొట్టం ఉన్నది, పోన్రి. నా మొగడు గూడ అండ్లనే ఉన్నడు" అంది. ఆ మాట అనేటప్పుడు ఆవిడ మొహం వెలిగిపోయింది.

కొట్టంలోకి తొంగి చూశానో లేదో నా రక్తం ఉడికిపోయింది. పదిమంది దాకా మగవాళ్లు గుండ్రంగా కూర్చున్నారు. చేతుల్లో తాటాకు దొప్పలు. నడుమ కల్లు లొట్టి. ఒకాయన తెల్లగా వంపుతున్నాడు, ఇంకొకాయన మీసాలు తుడుచుకుంటున్నాడు.

"మీ మొకాలు మండ! మానినమని చెప్పుకుంట ఈడ దుకాణం వెట్టిన్రా?" అని అరుస్తూ వెళ్లి ఆ కుండ ఎత్తి నేలమీద కుమ్మరించాను.

అందరూ నోళ్లు తెరిచారు. అల్లం, కరివేపాకు వాసన గుప్పుమంది. మజ్జిగ!

పెద్దాయన రాజమల్లు, బాయిలో బొగ్గు కొట్టే మనిషి, నింపాదిగా అన్నాడు: "ఇంకో లొట్టి ఉన్నదమ్మా. అది గూడ పారవోస్తవా, తాగుతవా?"

కొట్టం ఎగిరిపోయేలా నవ్వారు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. కానీ ఆ నవ్వుల్లో లింగం నవ్వు కూడా వినిపించింది. ఎన్నాళ్లయింది అది విని!

"మజ్జిగ తాగడానికి ఈ లొట్టి, దొప్పలు ఎందుకు?" అని అడిగాను.

"నోటికి మాన్పిచ్చినం గని చేతులు ఇనలే అమ్మా. పొద్దుగూకితే దొప్ప వట్టుకోవాలె. అందుకే గిట్ల" అన్నాడాయన.

లింగానికీ దొప్ప ఇచ్చారు. వణుకుకు సగం ఒలికింది. పక్కాయన దొప్ప కింద తన చెయ్యి ఆనించాడు. అప్పుడు మావాడు నోరు విప్పాడు. "పొద్దుగాల తాగకుంటే మగ్గం మీద పోగు అతుకుతలేదు. తాగితే పెండ్లాంపిల్ల ఉంటలేరు. ఏం జెయ్యాలె?" అని ఏడ్చేశాడు.

"ఎన్నటికీ తాగనని ఒట్టు వెట్టకు బిడ్డా. గీ పొద్దొక్కటి దాటియ్యి. రేపటి ముచ్చట రేపు" అన్నాడు రాజమల్లు.

దారిలో కల్లు దుకాణం ఉందని అందరూ కలిసే లేచి, ఒక్కొక్కరినీ ఇంటి గడప దాకా దింపుకుంటూ నడిచారు. అది వాళ్ల పద్ధతి. రాజమల్లు ఇంట్లోనే మాకు పడక. ఆయన భార్య జొన్నరొట్టెలు, పచ్చిపులుసు పెట్టింది. లింగం అడిగి మరీ తిన్నాడు.

మర్నాడు పెద్దపల్లిలో బండి దిగి కరీంనగర్ బస్సెక్కాం. ఊళ్లు చూడాలనుకునేవారికి మందమర్రిలో ఎండ, బొగ్గుదుమ్ము తప్ప ఏమీ లేవు. నేను మాత్రం మళ్లీ వెళ్తాను. ఇలా అనుకుంటుండగా సుల్తానాబాద్‌లో బస్సు ఆగింది. లింగం లేచి నిలబడ్డాడు.

"నడుమ దుకాణం ఉన్నదక్కా. నన్ను ఇంటిదాక దింపు."

రాజమణి తల్లిగారిల్లు రోడ్డు మీదికే కనిపిస్తుంది. బస్సు కాసేపు ఆపమని కండక్టరును బతిమాలి దిగాను. రాజమణి గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. వాడు ఎదురుగా నిలబడి, "గీ పొద్దు తాగలే" అన్నాడు. ఆమె చేట పక్కన పెట్టి వచ్చి, బస్సంతా చూస్తుండగా వాడి నోటి దగ్గర వాసన చూసింది. ఒకసారి కాదు, రెండుసార్లు.

తర్వాత నావైపు తిరిగింది. "వదినా, గీయన ఈడనే తింటడు. నీ బస్సు పోతది, ఉరుకు."

పరుగెత్తుకొచ్చి ఎక్కాను. "ఏమైందమ్మా?" అని కండక్టరుతో సహా అందరూ అడిగారు.

"తింటడట" అన్నాను.