మూడు గంటల నొప్పి

దయ్యాలనూ ఆత్మలనూ నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మా అన్న రాజయ్య సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేసేవాడు. అక్కడే కోసాడ్ అనే పేటలో మా రెండిళ్లకూ నడుమ గోడ ఒక్కటే. నేను ఇంట్లోనే చీరలకు రాళ్లు అతికించేదాన్ని. ఏటా ఎండాకాలంలో నెలన్నరపాటు అన్నకు రోజూ మధ్యాహ్నం మూడింటికి తలనొప్పి వచ్చేది. ఎడమ కన్ను ఎర్రబడి, రెప్ప వాలి, ఆ వైపు ముక్కు మాత్రమే కారేది. కుదురుగా కూర్చోలేక గోడకు తల కొట్టుకునేవాడు. ఆ చప్పుడు నాకు వినపడేది.

డాక్టరుగారు దాన్ని క్లస్టర్ తలనొప్పి అన్నారు. మెదడు అడుగున హైపోథలామస్ అనే చిన్న భాగం మన ఒంటికి గడియారమట. అందుకే వేళ తప్పదు. అక్కడ తేడా వస్తే ముఖంలోని ట్రైజెమినల్ నరం రేగుతుంది, దాని కొసల నుంచి సీజీఆర్‌పీ అనే రసాయనం ఊరి రక్తనాళాలు ఉబ్బుతాయి. ఆక్సిజన్ పీలిస్తే తగ్గుతుందని ఇంటికి సిలిండర్ రాసిచ్చారు.

కరోనా రెండో ఏడు ఎండాకాలంలో, పక్కింటి పెద్దాయనకు ఊపిరి అందకపోతే అన్న ఆ సిలిండర్ ఇచ్చేశాడు. నేను వద్దన్నాను.

"నా నొప్పి ఒక్క గంటల పోతది చెల్లె. ఆయనకు గంట కూడ లేదు."

పెద్దాయన బతికాడు. వారం తిరక్కుండా అన్నకూ కరోనా సోకి ఊపిరి అందకపోతే ఆసుపత్రిలో చేర్చాం. లోపలికి ఎవరినీ రానివ్వలేదు.

మర్నాడు మూడింటికి నా ఎడమ కన్ను వెనక సలాకతో పొడిచినట్టయింది. ఆ వైపే కన్నూ ముక్కూ కారాయి. అంతకుముందు నాకెన్నడూ అలాంటి నొప్పి లేదు. సాయంత్రం ఫోన్‌లో అన్నకు చెప్పలేదు. తనే అన్నాడు.

"ఈడ ఆక్సిజన్ పెట్టిన్రు గద, నొప్పి జాడనే లేదు."

ఎనిమిది రోజులు అదే వేళకు వచ్చింది. అన్నకు రాకుండా నాకొస్తోందిలే అనుకుని ఓర్చుకున్నాను.

తొమ్మిదో రోజు తడిగుడ్డ పట్టుకుని కూర్చున్నాను. మూడు దాటింది, మూడున్నర అయింది. నొప్పి రాలేదు. పక్కనే ఉన్న వదిన ముఖం చూడలేకపోయాను. నాలుగింటికి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. అన్న మూడింటికి పోయాడని చెప్పారు.

తోడబుట్టినవాళ్లకూ ఈ జబ్బు రావచ్చని తర్వాత డాక్టరుగారు అన్నారు. మరి సరిగ్గా ఆ రోజే ఎందుకు ఆగిందని అడిగాను. ఆయన నేను చెప్పిన తేదీలు రాసుకున్నారు.

ఎందుకో నాకూ తెలియదు. ఆ నొప్పి మళ్లీ రాలేదు. రావాలని కోరుకున్న రోజులున్నాయి.